పాలల్లో కలిపే బూస్టు కాదు

పొద్దున్న దోసెలు పొయ్యడానికి తీరికలేక, డబ్బాలోంచి ఏవో అటుకుల్లాంటివి పాలల్లో పోసుకు తిని ఆఫీసుకి పరిగెత్తే మా అమ్మాయి, ఆ శుక్రవారం సాయంత్రం ఓ రేకుల షెడ్డులో నడుముకి ఏప్రన్ బిగించుకుని నిలబడి వుంది. కాగితం పళ్ళేల్లో మొక్కజొన్న చిప్స్ పొయ్యడం, వాటిమీద కరిగిన చీజు గరిటెడు వెయ్యడం, మిరపకాయ ముక్కలు నాలుగు జల్లడం, డాలర్లు పుచ్చుకోవడం. వాటిని నాచోస్ అంటారట. షెడ్డు ముందు తిరణాలకి వచ్చినట్టు జనం. వెనక, దీపాల వెలుగులో, మగపిల్లలు తలకి టోపీలు బిగించుకుని ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటున్నారు. దాన్నే అమెరికాలో ఫుట్‌బాల్ అంటారు. కాలితో తన్నేది మాత్రం అందులో బహు తక్కువ.

"ఏమిటే ఈ అవతారం?" అన్నాను.

"బూస్టర్ క్లబ్బమ్మా. ఇవాళ నా వంతు" అంది, తలెత్తకుండానే.

బూస్టు అంటే పిల్లలకి పాలల్లో కలిపి ఇచ్చేదని తప్ప నాకేం తెలుసు? దానికీ ఓ క్లబ్బా అనుకున్నాను. పైగా నా మనవరాలు ఆడేది ఫుట్‌బాల్ కాదు, సాఫ్ట్‌బాల్. అదింకా నాలుగు నెలల తర్వాత గాని మొదలవదు. మరి ఇది ఇక్కడ ఎందుకు చాకిరీ చేస్తున్నట్టు? ఇంటికొచ్చాక అడిగితే చక్కగా చెప్పింది. "జనం వచ్చేది ఈ ఆటకేనమ్మా. ఆడపిల్లల ఆటకి వచ్చేవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. అందుకని ఈ దుకాణాన్ని వారానికో క్లబ్బు చొప్పున వంతులేసుకుని నడుపుతాం."

ఆ ఒక్క మాటలో చాలా చరిత్ర వుందని నాకు తర్వాత తెలిసింది. డల్లాస్ దగ్గర మా అమ్మాయి వాళ్ళుండే వూళ్ళో లైబ్రరీ ఇంటికి నడిచివెళ్ళేంత దూరంలోనే వుంది. వాళ్ళు ఆఫీసులకీ, పిల్ల స్కూలుకీ వెళ్ళాక నాకు పని ఏముంది? కూచుని చదివాను.

అమెరికాలో హైస్కూలు ఆటలు మొదట మేష్టర్లు పెట్టినవి కావు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పిల్లలే జట్లు కట్టుకున్నారు, తామే చందాలు వేసుకున్నారు, పక్క వూరితో పందెం వేసుకుని ఆడారు. స్కూల్లో పేరే లేని గడ్డాల మొనగాళ్ళని కూడా తెచ్చి జట్టులో నిలబెట్టేవారు. ఈ గొడవలు పడలేక స్కూళ్ళవాళ్ళు పగ్గాలు తమ చేతికి తీసుకున్నారు. 1920లో ఇల్లినాయ్, ఇండియానా, అయోవా, మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రాల సంఘాలు ఒక్కటై ఓ సమాఖ్య పెట్టుకున్నాయి. అదే పెరిగి దేశం మొత్తానికి నియమాలు రాసే సంస్థ అయింది.

ఆటలైతే స్కూలు కిందికి వచ్చాయి గాని, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? అక్కడి స్కూళ్ళు చాలా మటుకు ఆ వూళ్ళోవాళ్ళు కట్టే ఇంటిపన్ను మీద నడుస్తాయి. పన్ను పెంచుతామంటే ఏ దేశంలోనైనా జనం మొహం ఒక్కలాగే వుంటుంది. కోచ్ జీతమూ, బస్సూ, మైదానమూ స్కూలు చూసుకుంటుంది. రెండో జత యూనిఫారం కావాలన్నా, బంతులు విసిరే యంత్రం కావాలన్నా, దూరం వూరెళ్ళినప్పుడు పిల్లలకి భోజనం పెట్టాలన్నా తల్లిదండ్రులు జోలె పట్టాల్సిందే.

ఆ జోలె పేరే బూస్టర్ క్లబ్బు. బూస్ట్ అంటే కింద చెయ్యిపెట్టి పైకి ఎత్తడం, చెట్టెక్కే పిల్లాణ్ణి ఎత్తినట్టు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిన్న చిన్న వూళ్ళ వర్తకులు తమ వూరి గొప్ప చెప్పుకోడానికి పెట్టుకున్న సంఘాలని బూస్టర్ క్లబ్బులనేవారు. మా వూరంతటి వూరు లేదు, మా వూళ్ళో దుకాణం పెట్టండి, మా వూళ్ళో స్థలం కొనండి అని చాటింపు వెయ్యడం వాళ్ళ పని. 1922లో సింక్లేర్ లూయిస్ 'బాబిట్' అనే నవలలో ఈ బూస్టర్లని కడుపుబ్బా నవ్వేలా వెక్కిరించాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయనకి నోబెల్ బహుమానమొచ్చింది. బూస్టర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. వూరికి గొప్ప తెచ్చేది ఏమిటా అని చూస్తే, శుక్రవారం రాత్రి హైస్కూలు మైదానంలో కనిపించింది వాళ్ళకి.

వీళ్ళంతా మగవాళ్ళు. మరి ఆడవాళ్ళేం చేస్తున్నారంటారా? వాళ్ళు అంతకు ముందే బయల్దేరారు. 1897 ఫిబ్రవరి 17న వాషింగ్టన్‌లో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్‌స్ట్ అనే ఇద్దరు స్త్రీలు 'తల్లుల జాతీయ మహాసభ' పెట్టారు. ఇప్పుడు మన కాన్వెంటు స్కూళ్ళలో కూడా వినపడే పేరెంట్-టీచర్ సంఘానికి మూలపుటమ్మ అదే. చంటిపిల్లల బడులు, స్కూల్లో మధ్యాహ్నం వేడన్నం, పిల్లలచేత ఫ్యాక్టరీ పని మాన్పించడం, ఇవీ వాళ్ళ తాపత్రయాలు. తల్లులు పాలూ అన్నం వైపు, తండ్రులు బంతి వైపు. ఇల్లు మారినా, దేశం మారినా పంపకం మాత్రం మారలేదు చూశారూ! వంట చేసి అమ్మి డబ్బు కూడబెట్టే విద్య కూడా ఆడవాళ్ళదే. 1917లో ఓక్లహోమాలోని మస్కోగీ అనే వూళ్ళో స్కౌటు ఆడపిల్లలు ఇంట్లో బిస్కెట్లు కాల్చి, హైస్కూలు కాంటీన్లో అమ్మారు. ఇవాళ ఆ దేశమంతా ఏటా ఎదురుచూసే గర్ల్ స్కౌట్ బిస్కెట్లకి అదే నాంది.

బూస్టర్ క్లబ్బు కథ చెప్పాలంటే మాసిలన్ పేరెత్తకుండా కుదరదు. ఒహయో రాష్ట్రంలో అదో ఉక్కు ఫ్యాక్టరీల వూరు. 1932లో, దేశం మొత్తం తిండికి అల్లాడుతున్న రోజుల్లో, పాల్ బ్రౌన్ అనే కుర్ర కోచ్ తను చదువుకున్న హైస్కూలుకే వచ్చాడు. 1934లో అక్కడ బూస్టర్ క్లబ్బు వెలిసింది. ఆయన అక్కడున్న తొమ్మిదేళ్ళలో జట్టు 80 ఆటలు గెలిచి, ఎనిమిదే ఓడిపోయింది. 1939లో కొత్త స్టేడియం లేచింది. ఇవాళ దానికి ఆయన పేరే. పని లేక, చేతిలో పైసా లేక వున్న వూరికి, వారానికో రాత్రి తలెత్తుకు తిరగడానికి ఓ కారణం దొరికిందన్నమాట. అది నాకు అర్థమవుతుంది. అర్థం కానిది ఇంకోటుంది. ఆ వూరి ఆస్పత్రిలో మగపిల్లాడు పుడితే, బూస్టర్లు ఉయ్యాలలో ఓ బుల్లి ఫుట్‌బాల్ తెచ్చి పెట్టడం ఆనవాయితీగా వుండేది. మన అన్నప్రాశనలో పిల్లాడి ముందు పుస్తకమూ, కలమూ, బంగారమూ పెట్టి ఏది పట్టుకుంటాడో చూస్తాం. పాపం, ఆ పిల్లాడికి ఎంచుకోడానికి రెండోది లేదు. ఆడపిల్ల పుడితే సరేసరి, ఆ ఒక్కటీ లేదు.

ఇక డబ్బు రాబట్టే వుపాయాలు. మన చిన్నతనంలో స్కూల్లో జెండా దినమనీ, క్షయ నివారణ బిళ్ళలనీ అంటగట్టి, అమ్ముకురమ్మనేవారు గుర్తుందా? చివరికి నాన్నే మొత్తం కొనేవాడు. అక్కడా అంతే. షికాగోలోని ఓ చాక్‌లెట్ కంపెనీ 1940ల చివరి నుంచీ ఇదే పనిలో వుంది. పెట్టె చాక్‌లెట్లు పిల్లలకిస్తారు, పిల్లలు ఇల్లిల్లూ తిరిగి అమ్ముతారు, వచ్చినదాంట్లో దాదాపు సగం స్కూలుకి. సగం పెట్టె తండ్రి ఆఫీసు బల్లమీద వుంటుంది, మిగతా సగం ఇంట్లోవాళ్ళ పొట్టలో. ఇవిగాక శనివారం పొద్దున్న పిల్లలు బకెట్లు పట్టుకుని కార్లు కడగడం, జట్టు పేరున్న బనీన్లు అమ్మడం, ఆట పుస్తకంలో వూరి కిరాణా కొట్టు ప్రకటన వేయించడం. సగం-సగం లాటరీ అని ఒకటుంది. టికెట్లమ్మగా వచ్చిన సొమ్ములో సగం గెలిచినవాడికి, సగం క్లబ్బుకి. గెలిచినవాడు నలుగురి ఎదుటా సిగ్గుపడి, తన సగమూ క్లబ్బుకే ఇచ్చేస్తే మరీ మంచిది.

అన్నిటికంటే నాకు నచ్చింది టెక్సాస్ చామంతి. పాత విద్యార్థులు స్కూలుకి తిరిగొచ్చే 'హోమ్‌కమింగ్' ఆట వుంటుంది శరదృతువులో. ఆ రోజు మగపిల్లాడు ఆడపిల్లకి ఓ చామంతి పువ్వివ్వడం అక్కడి ఆచారం. వెనకటికి నిజం పువ్వే, రెండు రిబ్బన్లు కట్టి జాకెట్టుకి గుచ్చుకునేవారు. క్రమేణా పువ్వు పట్టుగుడ్డదైంది, రిబ్బన్లు పాదాల దాకా దిగాయి, మువ్వలూ, బుల్లి ఎలుగుబంట్లూ, మెరుపు అక్షరాల్లో పేర్లూ చేరాయి. ఇప్పుడది గుచ్చుకునేది కాదు, బరువుకి మెడలో వేళ్ళాడదీసుకునేది. మన పెళ్ళికూతుళ్ళ పూలజడ నయం! ధర వంద డాలర్లు దాటినా ఆశ్చర్యం లేదు. తల్లుల సంఘాలూ, బూస్టర్ క్లబ్బులూ రాత్రుళ్ళు బల్లచుట్టూ కూచుని వీటిని కట్టి అమ్ముతాయి. మా అమ్మాయి నన్నూ తీసుకెళ్ళింది. రిబ్బను జడలా అల్లడం ఎలాగో ఆవిడెవరో నాకు నేర్పబోయింది. నేను మూడు పాయలూ, అయిదు పాయలూ అల్లి చూపిస్తే పని అంతా నా ముందుకి తోసేసి కాఫీ తెచ్చిపెట్టారు. ఆ బల్లచుట్టూ పదకొండు మందిమి వున్నాం. ఒక్క మగాడు లేడు.

క్లబ్బుకి అధ్యక్షులు ఎవరైనా కావచ్చు, జమాఖర్చులు ఎవరైనా చూడచ్చు గాని, చేతులు కాల్చుకునేవాళ్ళు చాలా మటుకు తల్లులే. ఆ చేతులు సంపాదించింది ఎన్నాళ్ళపాటు ఎవరికి వెళ్ళిందనుకున్నారు? కొడుకులకి. 1971-72లో అమెరికా హైస్కూళ్ళలో ఆటలాడే మగపిల్లలు 36,66,917 మంది. ఆడపిల్లలు 2,94,015 మంది. అయోవా వంటిచోట చిన్న వూళ్ళవాళ్ళు 1925లోనే ఆడపిల్లల ఆటలకి విడిగా సంఘం పెట్టుకుని బాస్కెట్‌బాల్‌ని కాపాడుకున్న మాట నిజమే గాని, మిగతా దేశంలో ఆడపిల్ల పని గట్టు మీద నిలబడి జేజేలు కొట్టడమే.

1972 జూన్ 23న ప్రెసిడెంటు నిక్సన్ ఓ చట్టం మీద సంతకం పెట్టాడు. అందులో తొమ్మిదో భాగం చెప్పేదిది: ప్రభుత్వ సొమ్ము పుచ్చుకునే ఏ విద్యాలయమూ ఆడా మగా తేడా చూపకూడదు. ఆటల మాట అందులో ఎక్కడా లేదు. కాని దెబ్బ ఆటలకే తగిలింది. 1977-78 నాటికి ఆడపిల్లల లెక్క ఇరవై లక్షలు దాటింది. ఆరేళ్ళలో ఏడు రెట్లు!

అప్పుడు తెలివైనవాళ్ళో సాకు కనిపెట్టారు. "స్కూలు సొమ్ములో మేం తేడా చూపలేదండీ. మగపిల్లల మైదానంలో లైట్లు వాళ్ళ తల్లిదండ్రులు పెట్టించుకున్నారు. మీరూ పెట్టించుకోండి." వినడానికి ఎంత న్యాయంగా వుందో! ఈ సాకు ఫ్లారిడాలో బ్రెవార్డ్ కౌంటీ స్కూలు బోర్డు విషయంలో 1997లో కోర్టుకెక్కింది. అక్కడ ఒకే హైస్కూల్లో మగపిల్లల బేస్‌బాల్ మైదానానికి ఎలక్ట్రిక్ స్కోరు బోర్డుంది, సాధన చెయ్యడానికి వలపంజరముంది, మంచి గాలరీలున్నాయి, రాత్రిపూట ఆడుకోడానికి దీపాలున్నాయి. ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ మైదానానికి ఇవి లేవు. దీపాలు లేవు కనక పగలే ఆడాలి. పగలు తల్లిదండ్రులు పనుల్లో వుంటారు కనక చూడ్డానికి రారు. చూసేవాళ్ళు రారు కనక అమ్మకం లేదు, అమ్మకం లేదు కనక దీపాలు లేవు. మా అమ్మాయి అన్న మాటే కదూ ఇది!

జడ్జి ఆన్ కాన్వే ఆ సాకు ఒప్పుకోలేదు. డబ్బు ఎవరి జేబులోంచి వచ్చినా, పిల్లలకి అందే సౌకర్యాలకి స్కూలే బాధ్యత పడాలంది. దాని మీద స్కూలు బోర్డు తెచ్చిన ప్రణాళిక చూడాలి. ఖర్చు పెట్టడానికి డబ్బు లేదు కాబట్టి మగపిల్లల స్కోరు బోర్డు ఆపేస్తాం, గాలరీ మూసేస్తాం, సరిపోతుంది అన్నారు. చెల్లెలికి జిలేబీ లేదు కాబట్టి అన్న చేతిలోది లాగి పారేసినట్టు! అలా చేస్తే ఇద్దరికీ నష్టమే గాక, ఆడపిల్లల మీద అందరికీ కసి పుడుతుందని జడ్జి దాన్నీ తోసిపుచ్చింది. ఇది చదివినప్పుడు ఆవిడకి లేచి నమస్కారం పెట్టాలనిపించింది. లైబ్రరీ కాబట్టి వూరుకున్నాను.

ఆడపిల్లల సంగతి కోర్టు చూసుకుంది. లేనివాళ్ళ సంగతి? కాలిఫోర్నియాలో 1978 జూన్‌లో ప్రజలు ఓటు వేసి ఇంటిపన్నుని నూటికి ఒక్కటికి కట్టడి చేసుకున్నారు. పన్ను తగ్గింది, స్కూళ్ళ ఖజానా ఎండింది. శాంటా బార్బరా హైస్కూళ్ళవాళ్ళు ఆటకి పాతిక డాలర్లు రుసుం పెట్టారు. ఓ తల్లి కోర్టుకెళ్ళింది. స్కూలు ఉచితమన్నాక ఆటలూ, నాటకాలూ, సంగీతమూ కూడా ఉచితమేనని 1984లో ఆ రాష్ట్రం సుప్రీంకోర్టు తేల్చింది. పేదపిల్లలకి మినహాయింపు ఇస్తున్నాం కదా అని స్కూళ్ళవాళ్ళంటే, అదీ చెల్లదంది. రుసుం పోయింది గదా, మరి దాని చోట ఏమొచ్చింది? విరాళం! "ఇష్టమైతే ఇవ్వండి" అని ఉత్తరమొస్తుంది. ఎవరెవరికి ఇష్టమైందో వూరందరికీ తెలుస్తుంది. ఈ మొహమాటపు వసూళ్ళ మీద 2012లో ఆ రాష్ట్రం మళ్ళీ ఇంకో చట్టం చెయ్యాల్సొచ్చింది.

ఇక్కడికొచ్చేసరికి మా ఇంట్లోనే గొడవొచ్చింది. జనవరిలో మా అమ్మాయి వాళ్ళ క్లబ్బు సమావేశం. చలిజాకెట్లూ, దూరపు టోర్నమెంటూ కలిపి పిల్లకింత అని పడింది. మా అమ్మాయి మూడు శుక్రవారాలు షెడ్డులో నిలబడింది, చామంతులు కట్టింది, చాక్‌లెట్లు అమ్మింది. "నేను తెచ్చిన డబ్బు నా పిల్ల వాటాలోంచి తగ్గించాలి. అసలు రానివాళ్ళూ, చేసినవాళ్ళూ ఒకటేనా?" అని దాని వాదన. జట్టులో ఓ పిల్ల తల్లి రాత్రుళ్ళు ఆఫీసులు శుభ్రం చేసే పనికి వెళుతుంది. ఒక్కసారీ షెడ్డుకి రాలేదు. రాలేదంటే రాలేకపోయింది. మా అమ్మాయి పేరు చెప్పలేదు గాని, అందరి చూపూ అటే వెళ్ళిందట.

దాని మాటలో తప్పేముంది అనిపిస్తుంది మీకు. కష్టపడ్డవాడికే ఫలితం అని మనమే పెంచాం వాళ్ళని. కాని సరిగ్గా ఈ లెక్కే వర్జీనియాలో ఓ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్బు కొంప ముంచింది. తల్లిదండ్రులు ఎంత అమ్మితే అన్ని పాయింట్లు, అన్ని పాయింట్లకీ తమ పిల్ల ఫీజులో తగ్గింపు, అని పెట్టుకున్నారు వాళ్ళు. ఇది ధర్మం కాదు, ఎవరి పిల్లకి వాళ్ళు సంపాదించుకోవడమని పన్నుల శాఖ వాళ్ళ ధర్మసంస్థ హోదా తీసేసింది. 2013లో టాక్స్ కోర్టు కూడా అదే సబబంది. ఈ తీర్పు మా అమ్మాయికి చూపించాను. "కోర్టు సంగతి సరేనమ్మా, న్యాయం సంగతి చెప్పు" అంది.

న్యాయం సంగతి నాకు 1968 నుంచీ తెలుసు. తొమ్మిదో క్లాసులో నేను టెన్నికాయిట్ ఆడేదాన్ని. రబ్బరు రింగు ఎక్కణ్ణుంచి విసిరినా పట్టేదాన్ని. జిల్లా పోటీలకి ఇద్దర్ని పంపుతామన్నారు, బస్సుఖర్చూ భోజనమూ కలిపి ఆరు రూపాయలు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలన్నారు. మా నాన్నగారు గుమాస్తా. అయిదుగురం పిల్లలం. అది నెలాఖరు. నేను ఇంట్లో అడగనే లేదు. కాలు బెణికిందని డ్రిల్లు టీచరుతో చెప్పాను. నా బదులు వెళ్ళినమ్మాయి వాళ్ళ నాన్నకి రైసు మిల్లుండేది. మంచి పిల్లే. తిరిగొచ్చి నాకు పప్పుచెక్క కూడా పెట్టింది.

ఈ సంగతి మా అమ్మాయికి అంతవరకూ చెప్పలేదు. చెప్పాక అది కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆరు రూపాయలకా?" అంది. ఇంకేమీ అనలేదు.

రెండో సమావేశంలో వచ్చిన సొమ్మంతా ఒక్క కుండలో వేసి, పిల్లలందరికీ సమానంగా ఖర్చు పెట్టాలని తీర్మానమైంది. మా అమ్మాయి అటే చెయ్యెత్తానంది. నన్ను సంతోషపెట్టడానికి చెప్పిందో, నిజమో నాకెందుకు? సొమ్ము లెక్కపెట్టేటప్పుడు ఇద్దరుండాలనీ, చెక్కు మీద ఇద్దరు సంతకాలు చెయ్యాలనీ కూడా రాసుకున్నారు. క్లబ్బు సొమ్ము కోశాధికారి సొంతానికి వాడుకున్న వార్తలు అక్కడి పేపర్లలో తరచూ వస్తూనే వుంటాయి మరి.

ఫిబ్రవరిలో, నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు, మొదటి ఆట జరిగింది. గడ్డకట్టించే చలి. గాలరీలో కంబళ్ళు కప్పుకుని నలభై మందిమి వుంటామేమో. రాత్రి పనికెళ్ళే ఆ తల్లి కూడా వచ్చింది, కళ్ళు మూతలు పడుతున్నాయి పాపం. ఆవిడ స్పానిష్ నాకు రాదు, నా ఇంగ్లీషు ఆవిడకి రాదు. ఎవరి పిల్ల బంతి కొట్టినా ఇద్దరం చప్పట్లు కొట్టాం. వెనక షెడ్డులో మా అమ్మాయి గరిటె పట్టుకుని ఖాళీగా నిలబడి వుంది. "చెప్పానా అమ్మా, ఇక్కడ జనం రారని" అంది.

రెండు పళ్ళేలు నాచోస్ కొన్నాను. ఒకటి ఆవిడకిచ్చాను. రెండోదాంట్లో సగం గాని తినలేకపోయాను.